ఇరవై ఐదు బొమ్మల్లో ఒకటి ఏరి, ఇదే నిజమంటే ఎట్ల?

ఒక ధర్నాను పది నిమిషాలు వీడియో తీశారనుకుందాం. మన దేశపు టీవీ లెక్కన సెకన్‌కు 25 ఫ్రేములు. పది నిమిషాలకు 15,000 బొమ్మలు. ఆ 15,000లో ఒక్క బొమ్మలో ఒక పిల్లగాని చెయ్యి పైకి లేచి ఉంటుంది. చెమట తుడుచుకోవడానికి లేపాడో, ముందున్న దోస్తును ఆగమని చెప్పడానికి లేపాడో ముందూ వెనకా ఉన్న ఫ్రేములు చూస్తేగాని తెలవదు. కానీ తెల్లారి పేపర్లో ఆ ఒక్క బొమ్మే వస్తుంది. చుట్టూ ఉన్న జనాన్ని కోసేస్తారు. చెయ్యిని పెద్దది చేస్తారు. కింద ఒక ముక్క రాస్తారు: 'రాయి విసురుతున్న ఆందోళనకారుడు'. రాయి ఏది? చేతిలో ఉన్నది మసక. ఆ మసకనే రాయి అంటారు.

ఇది కంప్యూటర్ ముందు కూర్చున్నవాడి చిన్న పని అని మనం ఇన్నాళ్లూ పట్టించుకోలేదు. వీడియోను ఆపుడు, బొమ్మ గుంజుడు, సైజు మార్చుడు: డీటీపీ పిల్లగాడు రెండు నిమిషాల్లో చేసేస్తాడు. కానీ ఆ రెండు నిమిషాల్లోనే ఒక విద్యార్థి మీద కేసు పడుతుంది. ఒక ఉద్యోగి చేతికి మెమో వస్తుంది. ఒక ఊరి మీద ముద్ర పడుతుంది. అందుకే మేము అంటున్నం: వీడియో నుంచి కోసిన స్టిల్ దానంతటదే సాక్ష్యం కాదు. అది కోసినవాడి మాట. ఆ మాటను నిలదీయడం మనం నేర్చుకోవాలె. కోసే పని మనమూ నేర్చుకోవాలె, నిజాయితీగా.

ఆపి చూపిస్తే దెబ్బ కూడా న్యాయమైపోయింది

1991 మార్చి 3 రాత్రి అమెరికాలోని లాస్ ఏంజిలిస్‌లో రోడ్నీ కింగ్ అనే నల్లజాతి యువకుడిని పోలీసులు కింద పడేసి లాఠీలతో బాదారు. జార్జ్ హాలిడే అనే ప్లంబర్ తన బాల్కనీలోంచి హ్యాండీక్యామ్‌తో తీశాడు. ఆ వీడియోను ప్రపంచమంతా చూసింది. ఇక శిక్ష తప్పదని అందరూ అనుకున్నారు.

1992లో కోర్టులో పోలీసుల తరఫు వకీళ్లు ఆ వీడియోను దాచలేదు, అబద్ధమనలేదు. దాన్నే ఫ్రేము తర్వాత ఫ్రేము ఆపి జ్యూరీకి చూపించారు. ఇదిగో ఇక్కడ కాలు కదిలింది, ఇదిగో ఇక్కడ లేవబోతున్నాడు, కాబట్టి ఈ దెబ్బ సబబే. ఒక్కో దెబ్బకు ఒక్కో సంజాయిషీ. మామూలు వేగంతో చూస్తే నేలమీద పడ్డ మనిషి మీద ఆగకుండా పడుతున్న లాఠీలు. ఆపి ఆపి చూస్తే విడివిడి బొమ్మలు, వాటి మీద ఒక పోలీసు నిపుణుడి వ్యాఖ్యానం. ఏప్రిల్ 29న తీర్పు వచ్చింది. నలుగురిలో ముగ్గురు పూర్తిగా నిర్దోషులు. నాలుగో అతని మీద ఒక్క అభియోగం తేలలేదు, మిగిలినవి కొట్టేశారు. నగరం తగలబడింది. 60 మందికి పైగా ప్రాణాలు పోయాయి. 1993లో ఫెడరల్ కోర్టు ఇద్దరికి శిక్ష వేసేదాకా ఆ వీడియోకు విలువ లేకుండా పోయింది.

అంతకన్నా పాతది ఇంకొకటి ఉంది. 1963 నవంబర్ 22న డల్లస్‌లో అమెరికా అధ్యక్షుడు కెనడీని కాల్చి చంపినప్పుడు అబ్రహాం జప్రూడర్ అనే బట్టల వ్యాపారి తీసిన ఎనిమిది మిల్లీమీటర్ల ఫిల్ము. మొత్తం 26 సెకన్లు, 486 ఫ్రేములు. దాన్ని లైఫ్ పత్రిక కొన్నది. వారంలోనే కొన్ని ఫ్రేములు అచ్చేసింది. తలకు గుండు తగిలిన 313వ ఫ్రేమును మాత్రం వెయ్యలేదు. విచారణ చేసిన వారెన్ కమిషన్ సంపుటాల్లో 314, 315 ఫ్రేములు తారుమారయ్యాయి. తల ఏ దిక్కుకు కదిలిందన్నదే అసలు తగాదా. అక్కడ రెండు బొమ్మలు అటుదిటు అయితే దిక్కే మారిపోతుంది. అచ్చు పొరపాటని తర్వాత ఎఫ్‌బీఐ అధిపతి హూవర్ ఒప్పుకున్నాడు. అమెరికా జనం టీవీలో ఆ ఫిల్మును కదులుతుండగా చూసింది 1975 మార్చిలో. అంటే పదకొండేండ్లకు పైగా ఏరిన బొమ్మలే వాళ్లకు చరిత్ర.

దేశాధ్యక్షుడి హత్యలోనే ఇట్ల జరిగితే, మన చౌరస్తాలో నిలబడ్డ పిల్లగాని గతి ఏంది?

మసకలో ఏముందో మనకు తెలవాలె

సాయంత్రం వెలుతురులో ఫోన్ కెమెరా ఒక్కో ఫ్రేమును సెకన్‌లో ముప్పయ్యో వంతు సేపు తీస్తుందనుకోండి. చెయ్యి సెకన్‌కు మూడు మీటర్ల వేగంతో ఊగితే ఆ కాసేపట్లో పది సెంటీమీటర్లు జరుగుతుంది. ఆ పది సెంటీమీటర్ల చారే ఫొటోలో పడుతుంది. ఆ చారనే 'కట్టె' అంటారు.

పాత టీవీ కెమెరా అయితే ఇంకో తమాషా. ఒక ఫ్రేములో రెండు సగాలుంటాయి. బేసి గీతలు ఒకసారి, సరి గీతలు సెకన్‌లో యాభయ్యో వంతు తర్వాత. కదలని గోడ బాగానే కనిపిస్తుంది. కదిలే చెయ్యి మాత్రం దువ్వెన పండ్లలా చీలిపోతుంది. ఒకే బొమ్మ అని మనం అనుకునేది నిజానికి రెండు క్షణాలు.

ఫోన్ వీడియోల్లో మరో మాయ ఉంది. ప్రతి ఫ్రేమునూ పూర్తిగా దాచరు. అప్పుడప్పుడు ఒక నిండు బొమ్మ, ఆ మధ్యలో మారినంత మేరకే లెక్క. వాట్సాప్‌లో చేతులు మారినకొద్దీ వీడియో మళ్లీ మళ్లీ కుదించుకుపోతుంది. పదోసారి వచ్చిన ఫార్వర్డ్ నుంచి గుంజిన ముఖంలో సగం ముందు ఫ్రేముదే కావచ్చు. దాన్ని ఎర్ర సున్నా చుట్టి 'వీడే' అంటే నమ్ముదామా?

సైజు మార్చుడు కూడా రాజకీయమే

ఇక రెండో కత్తెర. గుంజిన బొమ్మను పేజీకి సరిపెట్టుడు. ఇక్కడ ముందు మా తప్పు మేము ఒప్పుకుంటం. పేజీ నింపుడే పని అయిన రాత్రుల్లో మేము కూడా నిలువు బొమ్మను అడ్డం డబ్బాలోకి గుంజినం. పాత టీవీ బొమ్మ నాలుగుకు మూడు కొలత. కొత్త తెర పదహారుకు తొమ్మిది. దాన్ని దీంట్లోకి సాగదీస్తే మనిషి వెడల్పు మూడో వంతు పెరుగుతుంది. ఉపవాస దీక్షలో కూర్చున్న మనిషి బొద్దుగా కనిపిస్తే, 'తిని కూర్చున్నడు' అని ఎదుటివాడు నవ్వడా? నవ్వించింది మనమే.

ఉల్టా కూడా జరుగుతుంది. మినీ డీవీ టేపులో, డీవీడీలో బొమ్మ 720 అడ్డం, 576 నిలువు చుక్కలుగా ఉంటుంది. కానీ ఆ చుక్కలు చతురస్రాలు కావు. ఉన్నదున్నట్టు కంప్యూటర్లో గుంజితే మనిషి సన్నగా, పొడుగ్గా వస్తాడు. దాన్ని 768, 576కు సరిచేస్తేనే అసలు ఆకారం.

ఎంత పెద్దగా అచ్చెయ్యొచ్చో కూడా లెక్క ఉంది. మంచి అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలె. న్యూస్‌ప్రింట్ మీద సగం ఉన్నా నడుస్తుంది. మొదటి కెమెరా ఫోన్ల వీడియోలు 176, 144 చుక్కలు. అంటే మంచి అచ్చులో అర అంగుళం పైన కొద్దిగా, అంతే. వీసీడీ 352, 288. అంగుళం పైన కొద్దిగా. 720 చుక్కల డీవీడీ రెండున్నర అంగుళాలకు దగ్గర. ఇప్పటి 1920, 1080 వీడియో ఆరు అంగుళాలు దాటుతుంది. అర అంగుళం బొమ్మను ఆరు కాలాలకు పెంచినోడు కొత్త వివరం ఒక్కటి కూడా తెచ్చిపెట్టలేడు. ఒక చుక్కను ముప్పై చుక్కలు చేస్తాడు, మధ్యలో రంగులు కలుపుతాడు. మనం మసకను పెద్దగా చూస్తం, అంతే.

లేని ముఖాన్ని పుట్టించే యంత్రాలు

ఇప్పుడు ఆ మసకను కూడా 'శుభ్రం' చేస్తామనే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. కృత్రిమ మేధ అట. మసక ముఖం ఇస్తే స్పష్టమైన ముఖం ఇస్తుందట. 2020 జూన్‌లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు చేసిన పల్స్ అనే ప్రోగ్రాముకు ఎవరో బరాక్ ఒబామా మసక ఫొటో ఇచ్చారు. యంత్రం ఏం ఇచ్చింది? ఒక తెల్లజాతి మనిషి ముఖం. లోకమంతా గుర్తుపట్టే ఒబామానే మార్చేసిన యంత్రం, మన బస్తీ పిల్లగాన్ని ఎవరిలా మారుస్తుంది? యంత్రం దాచుకున్న ముఖాల్లోంచి సరిపోయే ఒక ముఖాన్ని అల్లి పెడుతుంది. అది పోలిక కుదిర్చిన కల్పన.

2024లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం కింగ్ కౌంటీలో ఒక హత్య కేసులో ఇట్ల యంత్రంతో మెరుగుపరిచిన ఫోన్ వీడియోను సాక్ష్యంగా తీసుకోవడానికి జడ్జి ఒప్పుకోలేదు. అక్కడ దాన్ని తెచ్చింది నిందితుడి తరఫువాళ్లే. అంటే ఈ రోగం ఒక పక్షానిది కాదు.

మరి మన దగ్గర? 2022లో సమాచార హక్కు కింద అడిగితే ఢిల్లీ పోలీసులు చెప్పింది: ముఖ గుర్తింపులో 80 శాతం పైన పోలిక ఉంటే సరిపోలినట్టే లెక్కిస్తారట. మన తెలంగాణలో టీఎస్ కాప్ యాప్‌లో ముఖ గుర్తింపును 2018లోనే చేర్చారు. ఆ పద్ధతి చట్టబద్ధతను ప్రశ్నిస్తూ హైకోర్టులో ప్రజా ప్రయోజన వ్యాజ్యం కూడా పడింది. ఇప్పుడు వరుస కలిపి చూడండి. వీడియోలోంచి ఒక మసక ఫ్రేము, దాన్ని పెంచుడు, యంత్రంతో తుడుచుడు, ఆపైన 80 శాతం పోలిక. నాలుగు అంచెలు, నాలుగింటా తప్పుకు తావుంది. చివరన నిలబడేది మాత్రం ఒక్క మనిషి.

'పేపర్లో వీడియో వెయ్యలేం కదా' అంటే

చదువుకున్న మిత్రులు అడుగుతారు: కాగితం మీద బొమ్మ కదలదు కదా, ఏదో ఒకటి ఏరక తప్పదు కదా? నిజమే. ఏరుడు తప్పు అని మేము అనం. ఏరి, ఏరలేదన్నట్టు నటించుడు తప్పు. కింద ఒక్క వాక్యం రాయడానికి ఏం అడ్డం? 'ఫలానా వీడియోలో 4వ నిమిషం 12వ సెకన్ దగ్గరి ఫ్రేము, కుడివైపు కొంత కత్తిరించాం, వెలుతురు పెంచాం'. పాఠకుడు కావాలంటే వెతికి చూస్తాడు. దాచేదేమీ లేనోడికి ఈ వాక్యం బరువు కాదు.

మనోళ్లు కూడా సోయి తెచ్చుకోవాలె. లాఠీ లేచిన ఫ్రేమును మనం కూడా ఏరుకుంటం. లాఠీ దిగని ఫ్రేముల్ని వదిలేస్తం. దెబ్బ నిజంగా పడితే ముందు ఫ్రేము, దెబ్బ ఫ్రేము, తర్వాతి ఫ్రేము మూడూ పక్కపక్కనే వెయ్యండి. నిజం మన పక్షాన ఉన్నప్పుడు దొంగ కత్తెర మనకెందుకు? మన ఒక్క బొమ్మ అబద్ధమని తేలితే మన వంద నిజాలు పోతాయి. 2016లో జేఎన్‌యూ ఘటన వీడియోల్లో ఏడింటిని ఢిల్లీ ప్రభుత్వం మన హైదరాబాదులోని ట్రూత్ ల్యాబ్స్‌కు పంపింది. రెండు మార్చినవని తేలింది. ఆలోగా టీవీలు తీర్పు చెప్పేశాయి, పిల్లలు జైలు పాలయ్యారు.

పని ఇట్ల చెయ్యాలె

ప్రతి హాస్టల్లో, ప్రతి యూనియన్ ఆఫీసులో ఒక్కరైనా ఈ పని నేర్చుకోవాలె. ఖర్చేం లేదు.

మొదటిది, అసలు వీడియోను ముట్టుకోవద్దు. నకలు తీసి నకలు మీదే పని చెయ్యాలె. వీడియోను వాట్సాప్‌లో మామూలుగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే కుదించుకుపోదు. కార్డు నుంచి కేబుల్‌తో దించుకుంటే ఇంకా మేలు.

రెండోది, తెర మీద ఆడుతున్నదాన్ని ప్రింట్ స్క్రీన్ కొట్టొద్దు. అది తెర కొలతను పట్టుకుంటుంది, వీడియో కొలతను కాదు. ఉచితంగా దొరికే విఎల్‌సి ప్లేయర్లో వీడియోను ఆపి, 'ఇ' మీట నొక్కితే ఒక్కో ఫ్రేము ముందుకు జరుగుతుంది. కావలసినచోట విండోస్‌లో షిఫ్ట్ పట్టుకుని 'ఎస్' కొడితే బొమ్మ పిక్చర్స్ ఫోల్డర్లో పడుతుంది. దువ్వెన పండ్లు కనిపిస్తే వీడియో మెనూలో డీఇంటర్‌లేస్ ఆన్ చేసి మళ్లీ గుంజాలె.

మూడోది, ముందు కత్తిరించి తర్వాత చిన్నది చెయ్యాలె. అడ్డం నిలువుల నిష్పత్తికి తాళం వేసే గడిని టిక్ చెయ్యకుండా సైజు మార్చొద్దు. డబ్బాలో పట్టకపోతే పక్కన ఖాళీ వదలండి, మనిషిని సాగదీయకండి. పెద్దది చెయ్యాల్సి వస్తే ఆగండి. చిన్నగానే వెయ్యండి.

నాలుగోది, మధ్యలో పిఎన్‌జిగా దాచి, చివర్న ఒక్కసారే జేపెగ్ చెయ్యాలె. జేపెగ్‌ను తెరిచి మార్చి మళ్లీ మళ్లీ దాస్తే ప్రతిసారీ కొంత పోతుంది. ఫైల్ పేరులోనే తేదీ, స్థలం, నిమిషం, సెకన్ రాయాలె. ముఖం బయటపడితే ఆపద వచ్చే మనిషి ఉంటే ఆ ముఖాన్ని కప్పాలె. మసక చేస్తే సరిపోదు, నల్లగా నింపాలె.

కాగితం మీద హక్కు కూడా ఉంది

మీ మీద స్టిల్ చూపిస్తే బెదరకండి. ఈ దేశంలో చట్టం ఏం చెబుతుందో తెలుసుకోండి. ఎలక్ట్రానిక్ రికార్డు నకలు సాక్ష్యంగా నిలవాలంటే సర్టిఫికెట్ తప్పదని సుప్రీంకోర్టు 2014లో అన్వర్ కేసులో చెప్పింది. 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో మళ్లీ గట్టిగా చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింది సర్టిఫికెట్లో ఫైల్ హాష్ విలువ కూడా రాయాలె. హాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది. ఒక్క చుక్క మారినా ముద్ర మారుతుంది. మెమరీ కార్డులోని వీడియో కూడా పత్రమేనని, బాధితుల గోప్యత వంటి అడ్డంకి ఉంటే తప్ప నిందితుడికి నకలు ఇవ్వాలని 2019లో గోపాలకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు అన్నది.

ఉద్యోగ మిత్రులకు ఒక మాట. శాఖాపరమైన విచారణలో సాక్ష్య చట్టం అక్షరాలా వర్తించదు. కానీ ఆధారపడ్డ పత్రాల నకళ్లు ఇవ్వకపోతే సహజ న్యాయానికి భంగమని 1986లోనే కాశీనాథ్ దీక్షిత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మెమోకు స్టిల్ జతచేస్తే జవాబులో మొదటి వాక్యం ఇదే కావాలె: పూర్తి వీడియో ఇవ్వండి, ఎవరు తీశారో, ఏ పరికరమో, ఏ నిమిషమో చెప్పండి.

మన టేపులు బీరువాల్లో చెదలు పడుతున్నాయి

చివరగా మన ఇంటి సంగతి. 2011 మార్చి 10 మిలియన్ మార్చ్, అదే ఏడు సెప్టెంబర్ 13న మొదలై 42 రోజులు నడిచిన సకల జనుల సమ్మె. వాటిని తీసింది పెద్ద చానళ్లు మాత్రమే కాదు. పెళ్లి వీడియోలు తీసే మన ఊరి ఫొటో స్టూడియో అన్నలు తీశారు. ఫోన్ పట్టుకున్న విద్యార్థులు తీశారు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. టేపులు మాత్రం బీరువాల్లోనే ఉండిపోయాయి. మినీ డీవీ ఆడించే కెమెరాలు మూలకు పడుతున్నాయి. వీసీడీల మీద పొర లేచిపోతోంది. ఇప్పుడు ఇంటర్నెట్‌లో తిరిగేవి పదిసార్లు కుదించి, అడ్డంగా సాగదీసి, ఎవరిదో ముద్ర గుద్దిన స్టిల్స్. రేపు పాఠ్యపుస్తకంలోకి వెళ్లేవి కూడా అవే. ఆ బొమ్మల్లో ఉన్నోళ్లు మన అక్కచెల్లెండ్లు, అన్నదమ్ములు. వాళ్లను వాళ్ల ఆకారంలో చూపించే బాధ్యత కూడా మనకు లేదా?

అందుకే మేము అడుగుతున్నం. పత్రికలు, చానళ్లు వీడియో స్టిల్ వేస్తే నిమిషం, సెకన్, మూలం కింద రాయాలె. యంత్రంతో పెంచిన ముఖాన్ని గుర్తింపుకు వాడొద్దు. స్టిల్ చూపి కేసు పెడితే మొదటి రోజే పూర్తి వీడియో నకలు ఇవ్వాలె. యూనివర్సిటీలు ఉద్యమ టేపులను పూర్తి కొలతలో డిజిటల్ చేసి జనానికి తెరిచిపెట్టాలె. అప్పటిదాకా స్టూడియో అన్నలారా, ఆ టేపులను పారెయ్యకండి.

ఎవరైనా ఒక్క బొమ్మ చూపి నేరం మోపితే మన జవాబు ఒక్కటే. మిగతా 14,999 చూపించండి. తర్వాత మాట్లాడుదాం.